పదకొండు నలభై ఎండ

ఈ లోగిలిలోకి ఎండ
పదకొండు నలభైకి దిగి
పన్నెండుంబావుకల్లా లేచిపోతుంది.
నోట్‌బుక్‌లో మొదట రాసుకున్నది అదే.
తర్వాతవి: తొమ్మిది తలుపులు, పద్నాలుగు కిటికీలు,
ఒక ద్రాక్ష పందిరి, ఒక కుక్క,
రెండో అంతస్తు నుంచి ఎదుటి గోడ దాకా
కప్పీల మీద కీచుమంటూ పరిగెత్తే
లమ్జీరా బట్టల తాడు.

బెల్జియం నుంచి వచ్చిన యోరిస్
బొటనవేళ్ళూ చూపుడువేళ్ళూ కలిపి చట్రం కట్టి
అందులోంచి మా కుతైసీని చూశాడు.
"లిస్బన్," అన్నాడు. "అరవైతొమ్మిదో సంవత్సరం."
అనువదించాను.
మెట్ల మీద అక్రోట్లు కొడుతున్న ఓతియా
తలెత్తకుండానే అడిగాడు:
"అయితే మేమెక్కడికి పోవాలి?"

అది అనువదించలేదు.
నాకిచ్చే జీతంలో అన్నీ రావు.

గడపగడపకీ తిరిగాను, పెళ్ళిపిలుపులకు తిరిగినట్టు.
డిష్ యాంటెన్నాలు దించాలి, మూడు రోజులే.
నీలం డ్రమ్ము కనపడకూడదు.
గ్యాసు పైపు పసుపు మాకు పనికిరాదు,
దానికి గోడ రంగు వేస్తాం,
అయ్యాక మళ్ళీ పసుపు పూసి ఇస్తాం,
ఇక్కడ సంతకం పెట్టండి.
నజిబ్రోలా అల్లుడికి డ్రైవరు పని అడిగింది.
కింది వాటా పిల్లాడు
లిస్బన్ పిల్లాడిలా నడవడం అప్పుడే నేర్చేసుకున్నాడు:
జేబుల్లో చేతులు, అంతే.
కుక్క నోటికి మాత్రం ఎవరూ పూచీపడలేదు.

లమ్జీరా ఒక్కతే కుదరదంది.
"మంగళవారం నా ఉతుకు."
రంగురంగుల గళ్ళ షెడ్యూలు విప్పి చూపించాను.
"నీ కాగితం మీదికి మంగళవారం ఒక్కసారే వస్తుంది.
నా తాడు మీదికి నలభై ఏళ్ళుగా వస్తోంది."

రాత్రి యోరిస్‌కి ఫోన్.
చాలాసేపు మాట లేదు,
వెనకాల ఎవరో పసిదానికి నీళ్ళు పోస్తున్న చప్పుడు.
"లిస్బన్‌లోనూ బట్టలు ఉతుక్కుంటారులే," అన్నాడు చివరికి.
"పూల దుప్పట్లు వద్దను. తెల్లవి."
తెల్లవి లేవంది.
బడ్జెట్‌లో కొత్త గడి: దుప్పట్లు, ఆరు.

ఒకనాడు రిహార్సల్.
నేను చెయ్యెత్తగానే రేడియోలు ఆగాయి,
ఓతియా సుత్తి గాల్లోనే ఆగింది,
ఎవరింట్లోనో పొంగబోతున్న పాలని
చప్పుడు కాకుండా దించారు.
ముప్ఫై అయిదు నిమిషాలు
దుప్పటి మీంచి గోడకీ, గోడ మీంచి పైపుకీ
ఎండ పాకడం చూస్తూ కూర్చున్నాం.
నజిబ్రోలా చూస్తూచూస్తూ నిద్రపోయింది.

సెప్టెంబరులో మెయిల్. మూడే వాక్యాలు.
లిస్బన్‌లోనే తీస్తారట.
లెక్కలు తేల్చేసరికి
నకలు కంటే అసలే చవగ్గా పడిందట.
కృతజ్ఞతలు, యోరిస్.

చెప్పడానికి వెళ్ళేసరికి
తలుపుల కొత్త రంగు ఇంకా వాసనేస్తోంది.
"బతికించావు," అన్నాడు ఓతియా. "ఎక్కడికీ పోనక్కర్లేదు."
అల్లుడు అప్పుచేసి మరీ కారు టైర్లు మార్పించాడు.
ఆ మాట నజిబ్రోలా నాతో అనలేదు,
గిన్నెలతో అంది.
పైపు పసుపుకి డబ్బులు నా సంచిలోంచే తీశాను.
పెయింటరు ద్రాక్షాకుల వెనక జానెడు మేర మరిచిపోయాడు.
అక్కడ ఇంకా లిస్బనే.

మరో మంగళవారం
ఊరవతల పాత టీ ఫ్యాక్టరీకి పోతున్నాను
(ఎవరికో అది సైబీరియా కావాలి).
దారిలో ఊరికే ఆగాను.
కప్పీ కీచుమంది, ఆరు తెల్ల దుప్పట్లు ఒకదాని వెనక ఒకటి
మధ్యకి వచ్చాయి.
ఎవరిదో రేడియో ముందు ఆగింది.
తర్వాత ఇంకొకరిది.
సుత్తి ఆగింది.
నేను చెయ్యెత్తలేదు, ఒట్టు,
రెండు చేతుల్లోనూ ఫైళ్ళున్నాయి.

ఋతువు జరిగింది కదా,
ఎండ నాలుగు నిమిషాలు ఆలస్యం.
అందరూ ఆగారు.
కుక్క కూడా.