నమూనా

ఆ ఎరుపును నేను చూడగానే గుర్తుపట్టాను.
నలభై ఏళ్ళకు ఒకటి తక్కువ
బియెల్లా ఉన్ని మిల్లులో రంగు తొట్టెల దగ్గర నిలబడ్డదాన్ని.
పొద్దున ఆరింటికి, మరుగుదొడ్డి తెల్ల పింగాణీ మీదికి
నా ఒంట్లోంచి దిగింది:
మొదటి నీళ్ళలో జాడించిన మంజిష్ఠ,
ఇంకా నిలదొక్కుకోని రంగు.
నొప్పి లేదు. అదే చెడ్డ గుర్తట, తర్వాత చెప్పారు.
"నిన్న బీట్‌రూట్ తిన్నావుగా" అంది చెల్లెలు పల్మీరా.
బీట్‌రూట్ ఏ ఎరుపో నాకు తెలీదటే, పిచ్చిదానా.

"చేతి తొడుగులు వాడేవారా?" అడిగాడు డాక్టర్ రమెల్లా.
నవ్వొచ్చింది.
మా రోజుల్లో మిల్లులో ఏ రంగైతే ఏట్లోనూ అదే రంగు.
ఎవరు ఏ తొట్టె మనిషో మెడ చూసి చెప్పేవాళ్ళం.
ఫియొరెంజో దిండు గలీబులు ఎన్ని ఉతికినా నీలం.
పెళ్ళి ఫోటోలో నా గోళ్ళు
నలుపు తెలుపుల చాటున బతికిపోయాయి.
ఆ పొడిని పీల్చింది ముక్కు, మోసింది నెత్తురు,
దాచుకున్నది మాత్రం మూత్రపు తిత్తి,
ముప్పై ఏళ్ళు, ఎవరికీ చెప్పకుండా.

మొదట గీకారు. మళ్ళీ మొలిచింది.
తర్వాత ఆరు వారాలు, వారానికోసారి,
నీరసించిన క్షయ క్రిముల్ని గొట్టంతో లోపలికి పోశారు.
రెండు గంటలు బిగబట్టుకోవాలి.
పావుగంట కుడికి, పావుగంట ఎడమకి,
బోర్లా, వెల్లకిలా,
తొట్టెలో ఉన్ని చిలపను తిప్పినట్టే;
అన్ని వైపులా సమంగా పట్టాలి కదా.
ఇంటికెళ్ళి దొడ్లో బ్లీచింగ్ పోయమన్నారు.
బ్లీచింగ్ సంగతి నాకు చెప్పకమ్మా, అన్నాను.
పట్టలేదు.
కొన్ని ఉన్నులు అంతే. ఎన్ని ముంచినా తీసుకోవు.

ఇప్పుడు బల్ల మీద మూడు కాగితాలు.
తిత్తి తీసేసి, పొట్ట మీద ఓ చిన్న నోరు తెరిచి, దానికో సంచి.
లేదా పేగు ముక్కతో కొత్త తిత్తి కుట్టడం.
నిండితే అది చెప్పదట,
రాత్రిళ్ళు అలారం పెట్టుకు లేవాలి బాలింతలా,
అరవై తొమ్మిదేళ్ళకి.
లేదా ఉన్నదాన్ని ఉంచుకుని కిరణాలు, మందు,
మూడు నెలలకోసారి కెమెరా,
మళ్ళీ వస్తే మొదటి కాగితానికే,
కిరణాలు తిన్న కండ మీద కుట్లు మానడం కష్టమట.

శాతాలు చెప్పాడు.
శాతాలు నాకు కొత్తా?
ఉన్ని బరువుకి రెండు శాతం రంగు, పది శాతం ఉప్పు.
అప్పుడు నూరు చిలపలూ నా చేతిలో ఉండేవి.
ఇప్పుడు నేనే ఒక చిలపని.

మా దగ్గర ఏ కొత్త రంగైనా
ముందు పది గ్రాములు ముంచి, ఆరబెట్టి,
ఉత్తరం కిటికీ వెలుగులో పట్టుకు చూసేవాళ్ళం.
"దీనికి నమూనా ఉండదా డాక్టరు గారూ?"
ఆయన పెన్ను మూత తీశాడు, పెట్టాడు.

నడవాలో సంచుల నర్సు లొరెదానా విన్నది.
కూర్చోమంది, నిలబడమంది, వంగమంది,
లంగా పట్టీ ఎక్కడ ఒరుస్తుందో చూసి
బొడ్డుకి కుడిపక్కన నల్ల సిరాతో ఇంటూ గుర్తు పెట్టింది.
దానిమీద సంచి అంటించి, కుళాయి నీళ్ళు నింపి
"రేపటిదాకా ఉంచుకోండి. ఇదే మీ పది గ్రాములు" అంది.

బస్సెక్కాను. సంతలో జున్ను బేరమాడాను.
ఎవరూ చూడలేదు.
పేకాటలో పల్మీరా దొంగముక్క దొరికిపోయి
నవ్వలేక చచ్చాను, నాతోపాటు సంచీ గుడగుడమంది.
రాత్రి ఎడమపక్కకి ఒత్తిగిలి ఫియొరెంజోని తలుచుకున్నాను.
వాడు కిరణాలే అన్నాడు. నాలుగేళ్ళు బావున్నాడు.
ఐదో ఏడు గురించి వాళ్ళావిడ మాట్లాడదు.
వాడి ఉన్ని వేరు, నా ఉన్ని వేరు.

తెల్లారి నీళ్ళను గాజు గ్లాసులోకి వంపి
ఉత్తరం కిటికీ దగ్గర పట్టుకున్నాను.
అలవాటు.
ఏ రంగూ లేదు.

గురువారంలోగా చెప్పాలి.
స్నానంలో ఇంటూ గుర్తు కాస్త వెలిసింది.
పెన్ను తెచ్చి
నేనే మళ్ళీ దిద్దుకున్నాను.