పంటకుంది, పంటికి లేదు

మా క్లినిక్కులో ఎవరైనా నోరు తెరిచే ముందు
నేనొక మాట అడగాల:
"ఇన్సూరెన్సు ఉందా?"
కమలానగర్, మెట్లెక్కితే కుడిపక్క.
ఏడు కుర్చీలు. ఒకదానికి కాలు లేదు,
గోడే దానికి కట్టుడు పన్ను.

పొద్దున వచ్చినాయన బ్యాంకు మేనేజరు.
కార్డు బల్లమీద పడేసి ఫోను చూసుకుంటా కూర్చున్నాడు.
రూట్ కెనాలు, పైన తెల్లటి టోపీ.
బిల్లులో పన్నెండు వేలు,
జేబులోంచి పోయింది రెండు వేల నాలుగొందలు.
ఎంతవుతుందని ఆయన ఒక్కసారీ అడగలేదు.

మధ్యాహ్నం బెళుగుప్ప బస్సు దిగి
ఉజ్జినప్ప వచ్చినాడు,
తుండుగుడ్డతో దవడ కట్టుకొని.
"బీమా ఉందా పెద్దాయనా?"
"ఉందిలే మా" అని
బనీను జేబులోంచి తీసినాడు
నాలుగు మడతల రశీదు.
విప్పితే శెనక్కాయది.
మూడెకరాలు, పోయిన ఖరీఫు.

"ఇది పంటకు పెద్దాయనా, పంటికి కాదు."
"ఒక్క గుడి తేడానే గదా మా!"
నవ్వబోయి, నొప్పికి ఆగినాడు.

దానికన్నా డబ్బొచ్చిందా అంటే,
"యాడొచ్చె!
మా చేన్లో చినుకు లేదు.
మండలాఫీసు గేజిలో మాత్రం పడిందంట."

ఇంకో కార్డు కూడా తీసినాడు.
ఫోన్లో కనుక్కుంటే,
బండిమీదనుంచి పడి దవడ విరిగితే ఇస్తారంట,
ఊరకుండి పుచ్చితే ఇవ్వరంట.
"అయితే పోతా పోతా పడమంటావా?"

డాక్టరమ్మ చీటీ రాసింది.
పన్ను నిలబెట్టేదానికి ఆరు వేలు, టోపీ వేరే.
పీకేదానికి నాలుగొందలు.
ఆయన చీటీని దూరంగా పట్టి చదివి,
చార్జీకి అరవై పక్కన పెట్టి
మిగిలింది రెండుసార్లు లెక్కపెట్టినాడు.
డాక్టరమ్మ యాభై తగ్గించింది.

పావుగంట.
బయటికొచ్చి, దూది కరుచుకొనే
చెయ్యి చాపినాడు: నా పన్ను నాకియ్యి.
గారపట్టిన దవడపన్ను, మూడు వేర్లు,
వేరుశెనగ చెట్టు పీకినట్టే ఉంది.
దాన్ని ఆ రశీదులోనే పెట్టి
మళ్ళీ నాలుగు మడతలు మడిచినాడు.

షట్టరు దించేటప్పుడు
నా నాలిక దానంతటదే పోయి తగిలింది,
కింద ఎడమపక్క గుంతకు.
ఎనిమిది నెల్లుగా ఉంది అది.
నన్నెవరూ అడగరు ఆ మాట.
అడిగే కుర్చీలో కూర్చునేది
నేనే గదా.