రెండు పక్కలా సమానంగా

మొదట తోక.
అరిగిపోయిన ఈనెల చీపురులా.
తర్వాత డొక్కలు, అటూ ఇటూ,
ఎవరో కొలత పెట్టి గొరిగినట్టు.

గోక్కోదు. కరుచుకోదు.
పేలున్నాయేమోనని మూడు పూటలు వెతికాను.
కొబ్బరి పీచు విడదీసే వేళ్లు ఇవి,
నలుసుని కూడా దాటనివ్వవు.
ఏమీ లేదు.
నల్లబడిన చర్మం, చల్లగా,
వానలో నానిన తోలు చెప్పులా.

గజ్జే అన్నాడు బుల్లియ్య,
మోటారు సైకిలుది కాలిన ఆయిలు సీసాడు తెచ్చాడు.
పట్టించాను. తేగ నిగనిగలాడింది,
అరుగంతా నల్ల అచ్చులు పడ్డాయి,
వెంట్రుక మాత్రం రాలేదు.
గంధకం నూరి వేపనూనెలో కలపమంది మంగతాయారు పిన్ని.
రొయ్య తలకాయలు పెట్టకు, వేడి, అన్నారు ఇంకెవరో.
దిష్టి అంది మా అత్త.
ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసి
తనే దగ్గింది.

వైశాఖం ఎండల్లో కూడా
పొయ్యి పక్కనే ముడుచుకునేది.
పీచు లారీ హారన్ కొట్టినా లేచేది కాదు,
డ్రైవరు తిట్టుకుంటూ దిగి
ముందరి కాళ్లు పట్టుకుని పక్కకి ఈడ్చేవాడు.
"తినేది గుప్పెడు, బలిసింది చూడు" అనేది అత్త.
ఆ మాట ఇదివరకు
వేరే ఎవరి గురించో విన్నట్టుండేది.

పశువుల ఆసుపత్రిలో
చూడి పరీక్షకొచ్చిన గేదెల వెనక మా వంతు.
కొత్త డాక్టరమ్మ, సువార్త,
బ్లేడుతో చర్మం గీరి గాజుపలక మీద పెట్టి
చాలాసేపు కన్ను ఆనించి చూసింది.
"పురుగు లేదండి."
ఇంకోచోట గీరింది. "ఇక్కడా లేదు."
అప్పుడు బ్లేడు పక్కన పెట్టి
అడగడం మొదలుపెట్టింది.

ఎప్పట్నుంచి?
పోయిన కార్తీకంలో అండి.
పొద్దస్తమానం నిద్రేనా?
ఆయ్.
చలి ఎక్కువా?
అందరూ విసురుకుంటుంటే వణుకుద్దండి.
తిండి?
తగ్గిందండి. ఒళ్లు మాత్రం...
ముఖం ఇలా ఉబ్బినట్టు, దిగులుగా
ముందునుంచీ ఇంతేనా?

చెప్పబోయి ఆగిపోయాను.
గాలికుంటు పోస్టరు పక్కన కుళాయి,
కుళాయి పైన పగిలిన అద్దం ముక్క.
అందులో ఎవరో ఉన్నారు.

"మెడలో ఒక గ్రంథి ఉంటుందండి.
అది మెల్లబడితే మనిషంతా, అదే, కుక్కంతా మెల్లబడుద్ది.
వెంట్రుకల మీద ఖర్చు పెట్టడం మానేస్తుంది ఒళ్లు.
దురద లేకుండా, రెండు పక్కలా సమానంగా ఊడితే
బయట కాదు, లోపల వెతకాలి."
నెత్తురు తీసి కాకినాడ పంపింది.

ఆ సాయంత్రం దువ్వెన చేతిలోకి తీసుకుని
కూర్చుండిపోయాను.
రెండేళ్లుగా ఉండ చుట్టి
కిటికీ సందులో దోపుతున్నాను.
స్టీలు సామాన్లవాడు వస్తే ఇచ్చేస్తున్నాను.
రెండు గిన్నెలు, ఒక టీ వడపోత,
మొన్న మూతున్న డబ్బా.
ఇంత జుట్టు ఎక్కడిదని
మా ఇంట్లో ఎవరూ అడగలేదు.
నేనూ అడగలేదు.
గిన్నెలు బావున్నాయి.

కాకినాడ కాగితం వారానికి వచ్చింది.
నాది అమలాపురంలో తీయించాను,
రెండు రోజుల పీచు కూలి పెట్టి,
ఎవరికీ చెప్పకుండా.

ఇద్దరికీ ఒకటే మందు.
మందుల షాపు వరహాలు చీటీ చూసి హడిలిపోయాడు,
"ఇంత మోతాదు ఎవరికండీ?"
కుక్కకి.
నాది అందులో పావు వంతు.
వాటి ఒళ్లు మందుని తొందరగా
ఖర్చు చేసేసుకుంటుందట, డాక్టరమ్మ చెప్పింది.

మూతున్న డబ్బాలో దానివి,
పాత టీపొడి డబ్బాలో నావి.
పొద్దున్నే దానికి అరటిపండు ముక్కలో దాచి పెడతాను,
నాది నీళ్లతో.

మూడో నెలలో డొక్క నిమిరితే
అరచేతికి గరుగ్గా తగిలింది.
లేత పీచు రంగు.
నిన్న హారన్ వినిపించకముందే లేచి
లారీ టైరు వెంట కాలవ వంతెన దాకా
అరుచుకుంటూ పోయింది.
డ్రైవరు దాని ఏడు తరాలనీ తిట్టాడు.
వినడానికి ఎంత బావుందో.

సందు మలుపులో సామాన్లవాడి కేక.
కిటికీ సందులో వేలు పెట్టి చూశాను.
ఈసారి గరిటె కూడా రాదు.