తక్కువ గాలి

ఫెరహర్ దుకాణంలో రెండు బండ్లు మిగిలాయి.
ఒకదానికి ముందూ వెనకా స్ప్రింగులు,
కీలుకో బేరింగు, బేరింగుకో మూత,
పెళ్ళికొడుకు స్నేహితుడిలా తళతళ.
రెండోదానికి వెనక ఏ మెత్తనా లేదు.
ఉక్కు గొట్టాలు, అతుకుల దగ్గర ఉబ్బిన లోహం,
బెత్తెడు వెడల్పు టైర్లు.
పలకరిస్తే గాని మాట్లాడని రకం.

నాకు యాభై మూడు.
నా ఎడమ మోకాలికి డెబ్భై దాటాయి.

"ఎక్కడికి తొక్కుతావు?"
ధర చెప్పకముందే ఆ మాట అడిగాడు,
అందుకే స్టూలు లాక్కుని కూర్చున్నాను.

గ్లెన్ ఫియారా లోపలికి, అన్నాను. పద్నాలుగు మైళ్ళు.
నాలుగు మైళ్ళు జీపు బాట.
ఆపైన ఎర్ర దుప్పులు గీసిన సన్నగీత,
ఆపైన గీతా లేదు —
నానిన పీటు నేల, నాచు,
వాగు తన ఇష్టానికి సర్దుకున్న రాళ్ళు.
చివర తాళంలేని రాతిగది.
ఎవరైనా పడుకోవచ్చు. ఎవరిదీ కాదు.
దాని పొగగొట్టం, దాని చీపురు, దాని కారే మూల
పన్నెండేళ్ళుగా నా పూచీ.
నెలకోసారి బొగ్గు మోస్తాను, మేకులు, కొవ్వొత్తులు.
మనుషులు వదిలిన చెత్త వెనక్కి మోస్తాను.

అతను తళతళలాడే దాన్ని గోడవైపు జరిపాడు.
"బాగా పరిగెడుతుంది. అబద్ధం ఎందుకు?
కానీ ఈ స్కాట్లాండ్ వానకి
దాని కీళ్ళు నీ మోకాలి కంటే ముందు అరుగుతాయి.
ఈ ఉక్కు విరిగితే
పడవల రేవులో ఇషబెల్ అతికిస్తుంది, నువ్వు టీ తాగేలోపు."

తర్వాత వంగి, రెండోదాని గాలి తీసేశాడు.
ఆ బుస్సుమనే చప్పుడుకి ప్రాణం చివుక్కుమంది.
మా నాన్న ద్వీపంలో ఉత్తరాలు పంచేవాడు.
పంపు కొట్టి కొట్టి, గోటితో మీటి,
టంగుమంటేనే సైకిలు గడప దాటేది.
గట్టిదే ముందుకు పోతుందని మా ఇంట్లో నమ్మకం,
టైరు సంగతే కాదు.

"బొటనవేలు పెట్టి నొక్కు," అన్నాడు ఫెరహర్.
"ముగ్గిన పండులా కాదు.
రేపు ముగ్గబోయే పండులా ఉండాలి.
రాయి ఎదురైతే గుద్దుకోకూడదు టైరు,
కాస్త చోటివ్వాలి."

శనివారానికి అరువిచ్చాడు.
పదకొండు కిలోల బొగ్గు కట్టుకుని బయల్దేరాను.

చెప్పుకోవాలి కనక చెప్తున్నా:
జీపు బాట మీద అది జోరీగలా గుయ్యిమంది,
లాగలేక లాగలేక తొక్కాను.
మూడో వాగు దగ్గర బురదలో అదీ దిగబడింది.
భుజానికెత్తితే తెలిసింది, వెడల్పుకీ తూకం ఉంటుందని.
వాలులో సోర్లీ అనే కుర్రాడు
రెండు స్ప్రింగుల మీద వెనక నుంచి వచ్చి
ఈల వేసుకుంటూ దాటిపోయాడు.
కడుపు మండింది. కాసేపే.

కానీ రాళ్ళ దగ్గర —
ఏళ్ళ తరబడి దిగి నడిచే ఆ యాభై గజాల దగ్గర —
టైరు ఒక్కో రాయినీ తడిమి,
ఒప్పించి, ఎక్కి, దిగింది,
చీకట్లో తెలిసిన ఇంట్లో నడిచే మనిషిలా.
నేను దిగలేదు.
దిగలేదన్న సంగతి అవతలి ఒడ్డుకు చేరాక గాని తట్టలేదు.

రాతిగదిలో సోర్లీ అప్పటికే టీ కాచాడు.
కప్పు ఒకటే ఉంటే నాకే ఇచ్చాడు.
ఎవరి బండి మేలని ఇద్దరం ఎత్తలేదు.
ఆ రాత్రి మోకాలు మాట్లాడలేదు.
పొద్దున తలుపు తీసి చూస్తే
పీటు మీద నా చక్రం జాడ, వెడల్పుగా, లోతు లేకుండా.
దాని నడుమ ఒక దుప్పి గిట్ట
లోతుగా దిగి, నీళ్ళు నిండి ఉంది.

సోమవారం డబ్బు లెక్కపెట్టి ఇస్తూ
"తీసేసిన గాలికి ఎంత తగ్గిస్తావు?" అన్నాను.
ఫెరహర్ నవ్వలేదు.
హ్యాండిల్‌కి ఒక గంట ఊరికే బిగించాడు.
ఇంటికెళ్తూ దాన్ని రెండుసార్లు మోగించాను.
దారిలో ఎవరూ లేరు.