నలభై అయిదు డిగ్రీలు

సోహార్ రేవు పక్కన, మా ఫ్యాబ్రికేషన్ యార్డులో
పైపు పడుకోదు, నిలబడదు.
నలభై అయిదు డిగ్రీల మీద వాలి
ఎటూ తేల్చుకోని మనిషిలా ఉంటుంది.
పైపు కదలకూడదు.
దాని చుట్టూ తిరుగుతూ అతకాల్సింది మనమే.

ఇదంతా విమానం ఎక్కకముందే నాకు తెలుసు.
మెట్‌పల్లి ఐటీఐలో రెండేళ్లు,
రెండు వందల పేజీల లాంగ్‌నోట్సు.
రాడ్డు వాలు పదిహేను డిగ్రీలు,
ఆర్కు పొడవు రాడ్డు మందమంత.
నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పేవాణ్ణి.

ట్రయల్ రోజు
రాడ్డు పైపుని కరుచుకుపోయింది.
లాగితే రాలేదు, తిప్పితే రాలేదు.
ఫోర్‌మన్ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.
నా పేరు ముందు చిన్న గీత గీసి
పక్క పైపు దగ్గరికి నడిచిపోయాడు.

లింబాద్రి దగ్గర హెల్పరుగా పడేశారు నన్ను.
పందొమ్మిదేళ్ల నుంచి ఇక్కడే. వేలిముద్ర మనిషి.
ఆంపియర్లని "గా తిప్పుడు బుడ్డ" అంటాడు.
"పుస్తకం మూసి చెవు తెరువు" అన్నాడు మొదటి రోజే.
"మక్క గారెలు కాగిన నూనెల ఏస్తే ఎట్ల సప్పుడైతది?
గా సప్పుడు రావాలె.
పటపటమంటే దూరమున్నవ్.
గుర్రుమంటే మీద పడ్డవ్."

నల్లద్దం వెనక నేను డిగ్రీలు లెక్కబెడుతుంటే
నా మోచేతిని డొక్కకి ఆనించి పట్టుకునేవాడు.
"ఊపిరి బిగవట్టకు, మెల్లగ ఇడువు."
ఆ మాట నా నోట్సులో ఏ పేజీలోనూ లేదు.
కరిగిన ఇనుము చిన్న గుంటలా నిలిచినప్పుడు
గుంట అంచుని చూడాలట, మంటని కాదు.
నాలుగు నెలలు నేను మంటనే చూశాను.
రాత్రిళ్లు కళ్లలో ఇసుక పోసినట్టుండేది.
ఆలుగడ్డ చక్రాలు కోసి
రెప్పల మీద పెట్టిందీ ఆయనే.

ఆగస్టు.
గాలి తడిగుడ్డలా మొహానికి అతుక్కునే నెల.
లింబాద్రి జాయింట్లు మూడు ఎక్స్‌రేలో పోయాయి.
పైకి ఎంత ముచ్చటగా ఉన్నాయో,
పేర్చి పడుకోబెట్టిన రూపాయి బిళ్లల్లా.
ఫిల్ము మీద మాత్రం ఆవాలు చల్లినట్టు నల్లచుక్కలు.
"చెయ్యి ముసల్దైంది రా" అని
ఆ చేతిని ఎవరిదో వస్తువులా తిప్పి చూసుకున్నాడు.
ఇంకో రెండు పోతే టికెట్టు చేతికిస్తారు.

నాకు తొంభై ఒకటో పేజీ కదిలింది.
అర్థం కాకుండానే రాసి
ఐదుకి ఐదు మార్కులూ తెచ్చుకున్న ప్రశ్న:
రాడ్డు పూత గాలిలో తేమని తాగుతుంది,
తాగిన నీళ్లు మంటలో ఆవిరై
బయటికి దారి లేక ఇనుములోనే బుడగలవుతాయి.
పొద్దున విప్పిన డబ్బా
సాయంత్రం దాకా సముద్రం వైపు నోరు తెరిచే ఉంది.
"నీ చెయ్యి కాదన్నా, రాడ్లు తడిసినయ్."
"ఎర్రటి ఎండల తడుసుడేంది రా!"

తెల్లవారుజామున ఓవెన్‌లో మూడు వందల యాభైకి కాల్చి
వేడి డబ్బాలోంచి ఒక్కొక్కటే తీసి అందించాను.
ఫిల్ము మీద ఆవాలు లేవు.
లింబాద్రి నన్ను మెచ్చుకోలేదు.
రాత్రి నా మంచం మీద కూర్చుని
"గా ముచ్చట ఏడుంది?" అన్నాడు.
చూపించిన చోట మసివేలు ఆనించి
"ఇంకేమేమున్నయ్ ఇందుల?"

అప్పట్నుంచి అన్నం తిన్నాక రోజుకో పేజీ.
కొన్నిటికి తల కొట్టుకుంటాడు,
"గిది రాసినోడు ఎన్నడు రాడ్డు వట్టలే."
ఒక పేజీకి మాత్రం చాలాసేపు మాట్లాడలేదు.
పదకొండేళ్ల కింద రాత్రికి రాత్రే పగిలిన జాయింటు,
తన మీద పడ్డ తప్పు, కోసుకున్న రెండు నెలల జీతం,
దానికి కారణం నేను చదివిన నాలుగు వాక్యాల్లో ఉంది.
"మల్లొక్కసారి సదువు" అన్నాడు.
చదివాను.

ఇవాళ మళ్లీ ట్రయల్.
పైపు అడుగున వెల్లకిలా నేను,
కాలరు సందులోంచి మెడ మీదికి నిప్పురవ్వలు.
రాడ్డు వాలు ఎంతుందో అడగకండి,
చూసి చెప్పాలంటే ఆపాలి.
గారెలు వేగుతున్నాయి.