ఒంటె ఆగిన చోటు

ఎనిమిదో తరగతిలో ఉండగా
పెదజాలరిపేట ఇసకలో వల బాగుచేసుకుంటున్న
మసేను తాతకి చదివి వినిపించాను:
గడ్డిమైదానాల ఖాను చచ్చిపోతే
శవం వెంట వెళ్ళినవాళ్ళు
దారిలో ఎదురైన మనిషినల్లా నరికేశారట.
గొయ్యి పూడ్చి
దాని మీద వెయ్యి గుర్రాల్ని పరిగెత్తించారట.

తాత చేతిలో కండె ఆగలేదు.
"గుర్రాలెందుకురా?
పడవ ఎలిపోయాక నీళ్ళే మూసీసుకుంటాయి గదా."

ఎండుచేపలు గంపకెత్తుతూ నాయనమ్మ అంది,
"ఆల్లకైనా తెలవాల గదేటి, చోటు?"

తెలియాలి. అందుకని
ఒక ఒంటె పిల్లని తల్లి చూస్తుండగా
అక్కడే కోశారట.
మరుసటేడు తల్లిని తోలుకెళితే
ఎటు చూసినా ఒకేలా ఉన్న పచ్చికలో
ఒకచోట ఆగి
అరిచిందట.

అప్పుడు ఆగింది కండె.

చిన్నాన్న ఎర్రన్న తుఫానులో ఎక్కడ మునిగాడో
బతికొచ్చిన తాతకొక్కడికే తెలుసు.
యారాడ కొండ ముక్కు మీది లైటుహౌసు
వెనక కొండ నెత్తికి ఆనుకోవాలి.
ఉత్తరాన ఎర్రమట్టి దిబ్బల కొసన
ఒంటి తాడిచెట్టు విడిగా కనబడాలి.
రెండు చూపులూ కోసుకునే నీళ్ళ అడుగున బండ,
బండ చుట్టూ కావలసినంత కోనాం.
ఏడేళ్ళలో ఒక్కసారీ అక్కడ వల దించలేదు.
గురుతు ఎవరికీ చెప్పలేదు.

ఆడమనిషి పడవెక్కకూడదు మా పేటలో.

తెల్లారి లేచేసరికి
తెప్ప లేదు.
నాయనమ్మ చాప కూడా ఖాళీ.

పొద్దెక్కాక వచ్చారు.
ఒక్క చేపైనా లేదు.
ఆమె చీర నడుం దాకా తడి,
గొంతు మాత్రం వారం రోజులు రాలేదు.
పెద్దలు కూర్చుని ఐదొందలు తప్పు వేశారు.
తాత ఆరొందలిచ్చి
చిల్లర అడక్కుండా లేచొచ్చేశాడు.

నాకు సొంత బోటు, జీపీఎస్ వచ్చేసరికి
నాయనమ్మ లేదు.
తాడిచెట్టునూ ఎవరో రిసార్టువాళ్ళు కొట్టేశారు.
ఆ చోటు చెప్పు తాతా,
మిషన్‌లో పెట్టుకుంటానంటే
చాలాసేపు సముద్రం వైపు చూసి అన్నాడు:

"ఆ రోజు తుప్పర పట్టీసింది.
కొండా అవుపడలేదు, సెట్టూ అవుపడలేదు.
నానేటీ సెప్పనేదురా.
అదే
ఆపమన్నాది."