కొనుగోలు పట్టీ

చీమకుర్తి శాఖా గ్రంథాలయానికి
ఈ ఏడు పిల్లల పుస్తకాల పద్దు
పన్నెండు వేల నాలుగొందలు.
ఒంగోలు గోదాములో సరఫరాదారు
ఫ్యాను నా వైపు తిప్పి
"సెట్లుగా తీసేసుకోండి మేడం, బిల్లు సులువు" అన్నాడు.

సెట్టుకి ఇరవై.
ఇరవైలో పద్నాలుగు మంది రాకుమారులు.
బీదవాడున్న చోటల్లా చివర్లో లంకెబిందెలు.
అమ్మలందరూ వంటింట్లోనే,
అట్ట మీద కూడా గరిట దించలేదు.

సంచీలోంచి చీటీలు తీశాను,
పాత ఇష్యూ కార్డుల వెనక పిల్లలు రాసిచ్చినవి.

మహితకి చెవిమిషను పెట్టుకున్న పిల్ల కథ కావాలి,
"జాలి వద్దు" అని కింద రెండు గీతలు.
క్వారీ షెడ్ల దుష్మంత ఒరియాలో రాశాడు,
గుడ్లు వరుసగా పేర్చినట్టు గుండ్రటి అక్షరాలు.
ఏంట్రా అంటే, "మా ఊరి నది పేరు."
ఎస్టీ కాలనీ చెంచురత్నం:
"ఎలకలు పట్టే మా తాత మాదిరి మనిషి ఉండాల.
చదివేవాళ్ళు నవ్వకూడదు."
పేరు లేని చీటీ ఒకటి, నాలుగు మడతలు పెట్టి:
"ఆడపిల్లలకి ఎవరూ చెప్పని సంగతులు. అట్ట వేసి ఇవ్వండి."

మధ్యాహ్నం దాకా దుమ్ములో వంగి వెతికాను.
సరఫరాదారు ఫ్యాను తనవైపు తిప్పుకున్నాడు.

నాలుగో చీటీ పుస్తకం చూసి
కమిటీ పెద్దాయన కళ్ళజోడు తీశాడు: "ఇది పిల్లలకెందుకమ్మా?"
రిజిస్టరులో వర్గం: ఆరోగ్యం, అని రాసి సంతకం పెట్టించాను.
పది రోజుల్లో అయిదుసార్లు అర ఖాళీ అయింది,
తిరిగొచ్చిన ప్రతిసారీ కొత్త పేపరు అట్టతో.

ఒరియా పుస్తకాలు రెండు
బరంపురం వెళ్ళొచ్చిన మేస్త్రీ తెచ్చాడు, బిల్లు లేకుండా.
ఆడిట్‌కి ఏం చెప్పాలో ఇంకా తోచలేదు.
దుష్మంత గట్టిగా చదువుతుంటే
ఒక్క ముక్క అర్థంకాని మన పిల్లలు
వాడు నవ్విన చోటల్లా నవ్వారు.
పేజీల మీద గ్రానైటు పొడి,
వేలిముద్రల్లో సన్నటి మెరుపు.

మహిత పుస్తకంలో జాలి కాస్త ఉంది.
ఆ పేజీ మడిచి తెచ్చి
నా బల్ల మీద పెట్టి వెళ్ళింది, ఏమీ అనకుండా.

చెంచురత్నం చీటీ మాత్రం నా పర్సులోనే,
బస్సు టిక్కెట్ల మధ్య, అంచులు నలిగి.
మూడు జాబితాలు తిరగేశాను. ఎవరూ రాసినట్టు లేదు.
శనివారం శనివారం
కొత్త పుస్తకాల కట్ట విప్పేటప్పుడు
కిటికీ చువ్వలు పట్టుకుని అడుగుతుంది:
"మా తాత వచ్చినాడా మేడం?"